సీమ రోడ్లకు మ్యాప్ యాప్‌ను సరిపెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉచిత మ్యాప్ యాప్‌లు వాడేవాళ్లూ, ఆ యాప్‌లకు ఆధారమైన, ఎవరైనా సమాచారం చేర్చగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన రోడ్లు ఎక్కించేవాళ్లూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాం. మేం పాటించే పద్ధతి ఇది: బోర్డు మీద ఏముందో పటంలో అదే ఉండాలి. దాన్ని కిలోమీటర్లలో చూపాలా, మైళ్లలో చూపాలా, తెలుగులో పలకాలా అన్న సంగతి చూసేవాళ్ల ఫోను చూసుకుంటుంది. ఈ రెండు పనులూ కలిపేసినప్పుడే చిక్కులన్నీ వస్తున్నాయి.

## ముందుగా ఫోనులో

మన దేశంలో మైళ్లు ఎవరూ వాడరు కదా, నా యాప్ మైళ్లూ అడుగులే ఎందుకు చూపిస్తోంది?

చాలావరకు ఫోను భాష వల్ల. కొత్త ఫోను తెరిచినప్పుడు ఇంగ్లీషు అని ఎంచుకుంటే, అది తరచుగా అమెరికా ఇంగ్లీషుగా ఉండిపోతుంది. యాప్‌లు ఆ భాష పక్కనున్న దేశాన్ని చూసి కొలతలు నిర్ణయించుకుంటాయి. అమెరికా అంటే మైళ్లు, అడుగులు. ఫోను సెట్టింగుల్లో భాషను భారత ఇంగ్లీషుకో తెలుగుకో మారిస్తే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. భాష మార్చడం ఇష్టం లేకపోతే యాప్‌లోనే మార్చుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లోనూ ఆర్గానిక్ మ్యాప్స్‌లోనూ సెట్టింగుల్లో దూరపు కొలతల వరుస ఒకటి ఉంటుంది, అందులో కిలోమీటర్లు ఎంచుకోండి. ఓస్‌మ్యాండ్ అనే యాప్‌లో డ్రైవింగ్ ప్రాంతం, పొడవు కొలత, వేగం కొలత వేర్వేరుగా ఉంటాయి. మూడూ ఒకసారి తెరిచి చూడండి. ప్రాంతం ఒక్కటి మార్చి వదిలేస్తే దూరం కిలోమీటర్లలో, వేగం మైళ్లలో ఉండిపోయే అవకాశం ఉంది, అది మరీ ప్రమాదం.

కారుకు సరిచేశాను, బైకు మీద పోతే మళ్లీ మైళ్లే వచ్చాయి. ఎందుకు?

ఓస్‌మ్యాండ్‌లో కారు, సైకిలు, నడక, బైకు అని ఒక్కో ప్రొఫైల్‌కు సెట్టింగులు విడివిడిగా ఉంటాయి. మీరు వాడే ప్రతి ప్రొఫైల్‌లోనూ మార్చాలి, లేదా మార్చిన సెట్టింగును అన్ని ప్రొఫైళ్లకూ వర్తింపజేయమని అడిగినప్పుడు సరే అనాలి.

తెలుగు పెట్టుకుంటే అంకెలు కూడా ౧, ౨, ౩ అని మారిపోతాయా? మా నాయనకు అవి చదవడం రాదు.

మారవు. కంప్యూటర్లలో తెలుగు భాషకు ముందునుంచీ 1, 2, 3 అంకెలే పెట్టారు. మన రోడ్డు బోర్డుల మీద కూడా అవే అంకెలు. లక్షల దగ్గర మాత్రం కామా మన పద్ధతిలో 1,00,000 అని పడుతుంది.

ఊరి పేర్లు తెలుగులో వస్తున్నాయి గానీ ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి ఉన్నాయి. ఫాంట్ మార్చాలా?

ఫాంట్ మారిస్తే పోదు. ప్రొద్దుటూరులో ‘ద్దు’ రావాలంటే ద, పొల్లు, ద, కొమ్ము అనే నాలుగు ముక్కలను కలిపి ఒక ఆకారంగా గీయాలి. పటాన్ని తెర మీద గీసే కొన్ని ప్రోగ్రాములు అక్షరాలను విడివిడిగా పేర్చుకుంటూ పోతాయే తప్ప ఆ కూర్పు చేయవు. ఇంగ్లీషుకు దానితో ఇబ్బంది లేదు, మనకు మాత్రం రాత పాడవుతుంది. ముందు యాప్ కొత్త వెర్షన్ వేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే పటంలో పేరు తప్పు రాశారనుకుని దిద్దకండి, పేరు సరిగానే ఉంటుంది. పాడైన చోట స్క్రీన్‌షాట్ తీసి, అదే పేరు సరిగ్గా ఎలా ఉండాలో పక్కన రాసి యాప్ తయారుచేసేవాళ్లకు పంపండి. తెలుగు చదవడం రాని ప్రోగ్రామర్‌కు తేడా తెలియాలంటే పక్కన రాసిన ఆ సరైన రూపం తప్పనిసరి.

నల్లమలలో సిగ్నల్ ఉండదు, అక్కడ యాప్ పనిచేస్తుందా?

పటం ముందే దించుకుని ఉంటే పనిచేస్తుంది. జీపీఎస్‌కు నెట్ అక్కరలేదు. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయేవాళ్లు ఇంట్లో ఉండగానే ఆంధ్రప్రదేశ్ పటం దించుకోండి.

## రోడ్డు మీద బోర్డులు చూసేటప్పుడు

కిలోమీటరు రాళ్ల రంగులకు అర్థం ఏమిటి? యాప్‌లో రోడ్డు రంగులు వేరేగా ఉన్నాయే?

తెల్లటి రాయికి నెత్తిన పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు లేదా పట్టణపు రోడ్డు. నారింజ రంగైతే గ్రామీణ రోడ్డు. యాప్‌లలో రోడ్ల రంగులు ఎక్కువగా యూరప్ అలవాటు ప్రకారం వేసుకున్నవి, వాటికీ మన రాళ్లకూ పొంతన ఉండదు. కాబట్టి రంగును నమ్మి రోడ్డు తరగతి నిర్ణయించకండి, రాయి చూసి నిర్ణయించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన దేశానికి పాటిస్తున్న పద్ధతి ప్రకారం జాతీయ రహదారికి ట్రంక్, రాష్ట్ర రహదారికి ప్రైమరీ, పెద్ద జిల్లా రోడ్డుకు సెకండరీ.

వేగం బోర్డు మీద ఉత్త 40 అనే ఉంది, పక్కన ఏమీ రాయలేదు. గంటకు కిలోమీటర్లేనా?

అవును. ఎర్రటి గుండ్రపు అంచులో ఉన్న అంకె గంటకు కిలోమీటర్లే. పటంలో ఎక్కించేటప్పుడు కూడా వేగ పరిమితి రాసే మ్యాక్స్‌స్పీడ్ ట్యాగ్‌లో (ట్యాగ్ అంటే పటంలో ఒక్కో రోడ్డుకో చోటుకో తగిలించే సమాచారపు చీటీ) ఉత్త 40 అనే రాయండి. కొలత రాయకపోతే కిలోమీటర్లని ఆ పటం అర్థం చేసుకుంటుంది. పక్కన ‘కి.మీ.’ చేర్చితే కొన్ని యాప్‌లు ఆ విలువను చదవలేక వదిలేస్తాయి.

లారీకి ఒక వేగం, కారుకు ఒక వేగం ఉన్న బోర్డులు ఉన్నాయి. రెండూ రాయాలా?

రాయాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇలాంటివి కనపడతాయి. అందరికీ వర్తించే వేగం మ్యాక్స్‌స్పీడ్‌లో, బరువు వాహనాల వేగం అదే ట్యాగ్‌కు హెచ్‌జీవీ చేర్చిన రూపంలో. ఘాట్ మలుపుల దగ్గర హెచ్చరికగా పెట్టిన వేగం, అంటే ఎర్ర గుండ్రం లేనిది, చట్టపరమైన పరిమితి కాదు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట్ల అది ప్రాణం కాపాడే సమాచారమే. దాన్ని అడ్వైజరీ అనే రూపంలో వేరుగా రాయండి. రెండూ కలిపేస్తే ఒకవైపు యాప్ లేని పరిమితికి గంట కొడుతుంది, ఇంకోవైపు అసలు మలుపు దగ్గర హెచ్చరిక రాదు.

బోర్డు మీద అనంతపురం ఇంకా ఇంత దూరం అని ఉంది, యాప్ అంతకన్నా తక్కువ చూపిస్తోంది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. బోర్డు మీది దూరం ఊళ్లో ఒక నిర్ణీత స్థానం దాకా కొలిచింది. యాప్ మీరు చెప్పిన ఇంటి దాకానో దుకాణం దాకానో కొలుస్తుంది. మీ ఇల్లు ఊరికి ఈవల ఉంటే దూరం తగ్గుతుంది, ఆవల ఉంటే పెరుగుతుంది. బైపాస్ పడిన ఊళ్లలో పాత రాళ్లు ఊరి నడిమి రోడ్డు లెక్క చెబుతాయి, యాప్ బైపాస్ లెక్క చెబుతుంది. అందుకని రాయిని పటంలో ఎక్కించేటప్పుడు దాని మీద ఉన్న అంకెనే రాయండి. మీ ఫోను చూపిన దూరానికి సరిపెట్టి మార్చకండి.

మా ఊరి దగ్గర మైళ్లు, ఫర్లాంగులు చెక్కిన పాత రాయి ఉంది. దాన్ని కిలోమీటర్లకు మార్చి ఎక్కించాలా?

మార్చవద్దు. 1956 చట్టంతో మన దేశం మెట్రిక్ కొలతలకు మారింది కాబట్టి మైళ్లున్న రాయి అంతకు ముందుదో ఆ రోజులదో అయ్యుంటుంది. అది ఇప్పటి ప్రయాణికుడికి దారి చెప్పే రాయి కాదు, చరిత్ర ఉన్న రాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పాత మైలురాళ్లకు వేరే ట్యాగ్ ఉంది. చెక్కిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు శాసనం వరుసలో రాయండి, అరిగిపోయిన చోట చుక్కలు పెట్టండి. మీ సొంత ఆసక్తి కోసం లెక్క కావాలంటే, మైలుకు ఎనిమిది ఫర్లాంగులు, మైలు 1.609 కిలోమీటర్లు, ఫర్లాంగు దాదాపు 201 మీటర్లు. 12 మైళ్ల 3 ఫర్లాంగులంటే 19.9 కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ఇలాంటి రాళ్లు పెకలించి పక్కన పారేస్తున్నారు. కనపడినప్పుడే ఫోటో తీసి ఎక్కించండి, దయచేసి ఆలస్యం చేయకండి.

చిన్న చిన్న రాళ్లు మధ్యలో 2, 4, 6, 8 అని ఉన్నాయి. అవేమిటి?

కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ పాతినవి. రోడ్డు మీద ఏదైనా జరిగినప్పుడు చోటు కచ్చితంగా చెప్పడానికి పనికొస్తాయి. అన్నిటినీ ఎక్కించనక్కరలేదు, కిలోమీటరు రాళ్లు ఎక్కిస్తే చాలు.

అన్ని బోర్డులూ ఎక్కించాలంటే ఏళ్లు పడుతుంది. దేనితో మొదలుపెట్టాలి?

ప్రాణం మీదికి వచ్చేవాటితో. రైల్వే వంతెన కింది ఎత్తు, వంకల మీది కాజ్‌వేలు (వాన వస్తే నీళ్లు పైనుంచి పారే రోడ్లు), గేటున్న రైల్వే క్రాసింగులు, ఒన్‌వే రోడ్లు, ఆ తర్వాత వేగ పరిమితులు, స్పీడ్ బ్రేకర్లు. దారి చూపే పెద్ద బోర్డులు ఆ తర్వాత. ‘మీ రాకకు స్వాగతం’ తోరణాలూ, నాయకుల ఫ్లెక్సీలూ వద్దు. రోడ్డు పని జరిగేటప్పుడు పెట్టే డైవర్షన్ బోర్డులు కూడా వద్దు, అవి తీసేసిన నెలల తర్వాత కూడా పటంలో ఉండిపోతాయి.

కాజ్‌వేల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన వైపు వంకలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో మామూలు రోడ్డే కనపడుతుంది. పటం గీసేవాళ్లు ఎక్కడో కూర్చుని దాన్ని వంతెన అని గీసేస్తారు, లేకపోతే ఏమీ గీయరు. ఎగువన వాన పడితే అదే చోట నడుముల లోతు నీళ్లు పారతాయి. ఎత్తు కొలిచే గుర్తులున్న చిన్న స్తంభాలు రోడ్డుకు రెండు పక్కలా ఉంటే అది కాజ్‌వే అని తెలుసుకోండి. అలాంటి చోట నీళ్లలోంచి దాటాలని చెప్పే ఫోర్డ్ ట్యాగ్ పెట్టండి, వానలప్పుడు మాత్రమే నీళ్లు వస్తాయన్న సంగతీ చేర్చండి. రాత్రి పూట కొత్త దారిలో వచ్చే మనిషికి యాప్ ఒక్క మాట ముందుగా చెబితే చాలు.

రోడ్ల ఫోటోలు తీయడం, పటంలో పెట్టడం చట్టానికి విరుద్ధమా?

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2021 ఫిబ్రవరి 15న ఇచ్చిన మార్గదర్శకాలతో భారతీయులు పటాల సమాచారం సేకరించడానికి ముందస్తు అనుమతులు అక్కరలేకుండా పోయింది. రక్షణ సంస్థలు, ఫోటోలు నిషేధమని రాసి ఉన్న చోట్లు మాత్రం వదిలేయండి. మనుషుల ముఖాలు, బండి నంబర్లు పడకుండా బోర్డు దాకే తీయండి. బండి ఆపి తీయండి, నడుపుతూ తీయకండి.

## పటంలో ఎక్కించేటప్పుడు

గూగుల్ మ్యాప్స్‌లో పేర్లు ఉన్నాయి కదా, చూసి రాసేస్తే పని తొందరగా అవుతుంది?

కుదరదు. ఆ సమాచారం ఆ సంస్థ సొంతం, అందులోంచి ఎత్తి రాస్తే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నియమాలు ఒప్పుకోవు, తెలిస్తే మీరు చేసినదంతా తీసేస్తారు. బోర్డు చూసి రాయండి, ఊరివాళ్లను అడిగి రాయండి, మీరు తీసిన ఫోటో చూసి రాయండి.

ఊరి పేరు ఇంగ్లీషులో ఉంది. తీసేసి తెలుగులో రాయొచ్చా?

తీసేయకండి. అసలు పేరు వరుసను అలాగే ఉంచి, తెలుగు కోసం ఉన్న వేరే వరుసలో తెలుగు పేరు చేర్చండి. అలాగే ఉర్దూ, కన్నడ, హిందీ పేర్లకూ వరుసలున్నాయి. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ చదివే కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలిసినవాళ్లు ఆ పేర్లు కూడా చేర్చితే బాగుంటుంది. ఎవరి ఫోనులో ఏ భాష ఉంటే వాళ్లకు ఆ పేరు కనపడుతుంది.

ఇంగ్లీషు పేర్లను కంప్యూటర్‌తో ఒకేసారి తెలుగులోకి మార్చేస్తే?

దయచేసి ఆ పని చేయకండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి యంత్రం రాస్తే గుత్తి ‘గూటీ’ అవుతుంది, గుంతకల్లు ‘గుంటకల్’ అవుతుంది, డోన్ ‘ధోనే’ అవుతుంది. కడపను ఇంగ్లీషులో 2005 దాకా వేరే స్పెల్లింగుతో రాసేవాళ్లు, ఇప్పటికీ పాత బోర్డులు అక్కడక్కడ ఉన్నాయి. దాన్ని యంత్రానికి ఇస్తే ఏం వస్తుందో మీరే ఊహించండి. ఒక్క నిమిషంలో వేల తప్పులు ఎక్కించొచ్చు, వాటిని దిద్దడానికి మనుషులు ఒక్కొక్క ఊరే చూడాలి. మండలంలో ఇరవై ఊళ్లుంటే ఆ ఇరవై ఊళ్ల పేర్లు ఆ మండలం మనిషి రాస్తేనే నమ్మకం.

డోన్ అనాలా, ద్రోణాచలం అనాలా? రెండూ అంటారు.

రెండూ పెట్టండి. బోర్డు మీద ఉన్నది ప్రధాన పేరు. జనం అనే రెండో పేరు ప్రత్యామ్నాయ పేరు వరుసలో. పాతబడిపోయిన పేరు పాత పేరు వరుసలో. అప్పుడు ఏ పేరుతో వెతికినా ఊరు దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నంద్యాల, పుట్టపర్తి వైపు చాలా ఊళ్లకు పాత జిల్లా పేరే ఇంకా అతుక్కుని ఉంది. మీకు కనపడితే సరిచేయండి.

మా లారీ డ్రైవర్లు ఇప్పటికీ ‘ఏడో నంబరు హైవే’ అంటారు. యాప్‌లో వెతికితే దొరకదు.

కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు పోయే రోడ్డు ఒకప్పుడు 7, ఇప్పుడు 44. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప పోయేది ఒకప్పుడు 18, ఇప్పుడు 40. 2010లో దేశమంతా నంబర్లు మార్చారు. నోటి అలవాటు అంత తొందరగా పోదు, పోవలసిన అవసరమూ లేదు. రోడ్డుకు కొత్త నంబరు ఉంచి, పాత నంబరు కోసం ఉన్న ట్యాగ్‌లో 7, 18 చేర్చండి. బోర్డు మీద లేని నంబరును ప్రధాన నంబరుగా మాత్రం పెట్టకండి. కొత్త డ్రైవర్ బోర్డు చూసి తికమకపడతాడు.

రైల్వే వంతెన కింద ఎత్తు బోర్డు మీటర్లలో ఉంది. మా డ్రైవర్లు అడుగుల్లో చెబుతారు. ఎలా?

పటంలో బోర్డు మీది మీటర్లే రాయండి, 4.2 అని ఉంటే 4.2. జాగ్రత్త పడాల్సింది లారీ ఎత్తు యాప్‌లో ఇచ్చేటప్పుడు. బేతంచర్ల బండలో, కడప నాపరాళ్లో, గడ్డి లోడో వేసుకున్న లారీ ‘పద్నాలుగు అడుగులు’ అని డ్రైవర్ చెబుతాడు. అడుగు 0.3048 మీటరు కాబట్టి 14 అడుగులంటే 4.267 మీటర్లు. దాన్ని ఎవరైనా లెక్క తేలిక కోసం 4.2 అని వేస్తే, యాప్ ఆ వంతెన కింద దారి చూపిస్తుంది, లోడు పైభాగం దూలానికి తగులుతుంది. లారీ ఎత్తును ఎప్పుడూ పైకే సవరించాలి, ఇక్కడ 4.3. వంతెన ఎత్తును ఎప్పుడూ పైకి సవరించకూడదు. ఇంకొకటి, ఎత్తు వరుసలో పొరపాటున 14 అని కొట్టేస్తే యాప్ దాన్ని 14 మీటర్లు అనుకుంటుంది, ఎత్తు రాసిన ఏ వంతెన కిందా దారి ఇవ్వదు.

వంతెనకు ముందు అడ్డంగా ఇనుప దూలం పెట్టిన హైట్ గేజ్ ఉంటే, దాన్ని కూడా దాని ఎత్తుతో సహా వేరే గుర్తుగా పెట్టండి. బండి ముందు తగిలేది దానికే.

మడకశిర నుంచి పావగడ పోయేసరికి పేర్లన్నీ కన్నడలో వస్తున్నాయి. యాప్ చెడిపోయిందా?

లేదు. పావగడ తాలూకా కర్ణాటకది, మూడు వైపులా మన రాష్ట్రమే చుట్టుకుని ఉంటుంది. అక్కడి ఊళ్లకు తెలుగు పేర్లు ఇంకా చాలావరకు ఎక్కించలేదు, అందుకని యాప్ ఉన్న పేరు చూపిస్తోంది. ఆ ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ఆ వైపు బంధువులున్నవాళ్లు తెలుగు పేర్లు చేర్చండి. అక్కడి కన్నడ పేర్లను ముట్టుకోకండి. అలాగే మన వైపు ఊళ్లకు కన్నడ పేర్లు చేర్చితే బళ్లారి నుంచి వచ్చేవాళ్లకు మేలు. అంతవరకు పేర్లు చదవలేకపోతే, పటం భాషలో తెలుగు లేనప్పుడు ఇంగ్లీషు చూపించమనే ఎంపిక ఉందేమో చూడండి.

## యాప్ మాటలు, గొంతు

యాప్ ‘కి మీ తర్వాత’ అని ముక్కలుగా పలుకుతోంది. గొంతు మార్చాలా?

గొంతుది కాదు తప్పు, దానికి ఇచ్చిన రాతది. తెర మీద ‘కి.మీ.’ బాగుంటుంది, చోటు తక్కువ పడుతుంది. గొంతుకు ఇచ్చే వాక్యంలో మాత్రం పూర్తిగా ‘కిలోమీటర్ల’ అని రాయాలి. ఓపెన్‌సోర్స్ యాప్‌లలో, అంటే లోపలి కోడు అందరూ చూసి దిద్దగల యాప్‌లలో, ఈ రెండు రకాల వాక్యాలూ వేర్వేరు చోట్ల ఉంటాయి, రెండోది దిద్దితే చాలు.

అనువాదంలో చేయి వేయాలని ఉంది. దేనికి జాగ్రత్త పడాలి?

ముక్కలు అతికించడం వద్దనండి. ఇంగ్లీషు యాప్ దూరం ఒక ముక్క, దిశ ఒక ముక్క, రోడ్డు పేరు ఒక ముక్క అని మూడు తెచ్చి కలుపుతుంది. ‘300 మీటర్లు’ అనే ముక్క తెచ్చి ‘తర్వాత’ ముందు పెడితే ‘300 మీటర్లు తర్వాత’ అవుతుంది. చెవికి ఎబ్బెట్టు. ‘300 మీటర్ల తర్వాత’ అని రావాలంటే వాక్యం మొత్తం ఒక్కటిగా అనువాదానికి ఇవ్వమని యాప్‌వాళ్లను అడగాలి. ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అనే ఏకవచన బహువచనాలకు కూడా రెండు వాక్యాలు కావాలి.

రోడ్డు పేరుకు ‘లోకి’ అతికించడం కూడా ఇలాంటిదే. పేరు ఏ అక్షరంతో ముగుస్తుందో మనకు ముందు తెలియదు. ‘గుత్తి రోడ్డు వైపు తిరగండి’ అని ‘వైపు’ వాడితే ఏ పేరుకైనా సరిపోతుంది.

మాటలు ఎంచుకునేటప్పుడు బండి నడిపే మనిషిని గుర్తుపెట్టుకోండి. ‘ఉపరితల వంతెన’ అంటే ఆలోచించాలి, ‘ఫ్లైఓవర్ ఎక్కండి’ అంటే వెంటనే ఎక్కుతాడు. 44 మీద ఊళ్ల దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలా, సర్వీస్ రోడ్డులోకి దిగాలా అన్నది రెండు సెకన్లలో తేల్చుకోవాలి, పొరపాటైతే మళ్లీ యూటర్న్ దాకా పోవాలి. కడప ఏడు రోడ్ల కూడలి లాంటి చోట ‘కుడికి’ అంటే ఏ కుడి అన్న టెన్షన్ వస్తుంది. అక్కడ రోడ్డు పేరుతో చెప్పడమే దారి. ఓస్‌మ్యాండ్ అనువాదం వెబ్‌లేట్ అనే అనువాదాల సైటులో జరుగుతుంది, ఖాతా తెరిస్తే ఎవరైనా సూచన పెట్టొచ్చు.

మనవాళ్లు దారి చెప్పేది గుడి, ట్యాంకు, చింతమాను గుర్తులతో కదా. యాప్ అలా చెప్పదా?

చాలా యాప్‌లు ఇంకా చెప్పవు. కానీ ఆ గుర్తులు పటంలో ఉంటే తెర మీద కనపడతాయి, వెతికితే దొరుకుతాయి. అనంతపురంలో టవర్ క్లాక్, కర్నూలులో కొండారెడ్డి బురుజు, రాజ్‌విహార్ సర్కిల్ లాంటివి ఎలాగూ ఉంటాయి. మీ ఊరి నీళ్ల ట్యాంకు, రచ్చకట్ట, పాలకేంద్రం ఉండకపోవచ్చు. అవి చేర్చండి, పిలిచే పేరుతోనే.

## పొలాల కొలతలు

యాప్‌లో పొలం చుట్టూ నడిస్తే చదరపు మీటర్లు, హెక్టార్లు చూపిస్తోంది. సెంట్లలో ఎలా చూడాలి?

కొన్ని యాప్‌లలో విస్తీర్ణానికి ఎకరాలు ఎంచుకోవచ్చు, సెంట్లు అరుదు. లెక్క మనమే వేసుకోవడం తేలిక. ఎకరం 4,840 చదరపు గజాలు, అంటే 4,047 చదరపు మీటర్లు. సెంటు అందులో నూరో వంతు: 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు, 40.47 చదరపు మీటర్లు. హెక్టారు 2.47 ఎకరాలు. యాప్ ఎకరాలు దశాంశంలో చూపిస్తే చుక్క తర్వాత రెండంకెలే మీ సెంట్లు.

తుంగభద్ర అవతల మా చుట్టాల పాస్‌బుక్‌లో 2.35 అని ఉంది. యాప్‌లో కొలిస్తే దాదాపు 2.87 వస్తోంది. ఎవరో కబ్జా చేశారా, లేక ఎక్కువ ఉందా?

రెండూ కాదు. మన వైపు 2.35 అంటే 2 ఎకరాల 35 సెంట్లు. తెలంగాణలో అదే రాత 2 ఎకరాల 35 గుంటలు. గుంట ఎకరంలో నలభయ్యో వంతు, 121 గజాలు. 35 గుంటలంటే 0.875 ఎకరం. మొత్తం 2.875 ఎకరాలు, అంటే మన లెక్కలో 2 ఎకరాల 87 సెంట్ల పైచిలుకు. కర్ణాటకలో కూడా గుంటల లెక్కే. సరిహద్దు దాటి పొలం కొనేటప్పుడు ఈ చుక్క తర్వాతి అంకెలు ఏ కొలతో ముందు అడగండి. దీనివల్ల అన్నదమ్ముల మధ్య కూడా మాటలు పెరిగిన సందర్భాలున్నాయి.

సర్వేయర్ గొలుసు, లింకులు అంటాడు. అవి యాప్‌లో లేవు.

గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక లింకు 20 సెంటీమీటర్ల పైన కొంచెం. పాత ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నక్షాలో 250 లింకులు అని ఉంటే 50.3 మీటర్లు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

ఫోనుతో కొలిచి గట్టు తగాదా తేల్చుకోవచ్చా?

వద్దు. పది సెంట్ల స్థలం చతురస్రంగా ఉంటే పక్కకు సుమారు 20 మీటర్లు. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పక్కకు ఒక్క మీటరు తేడా వచ్చినా పది సెంట్లు పదకొండు సెంట్లు అయిపోతాయి. ఎరువు ఎంత కావాలో, దున్నడానికి కూలి ఎంత అవుతుందో అంచనా వేసుకోవడానికి బాగా పనికొస్తుంది. హద్దు రాయి ఎక్కడ పాతాలో తేల్చేది సర్వేయరే.

## మార్చిన తర్వాత

నిన్న ఎక్కించాను, ఈ రోజు నా యాప్‌లో లేదు. ఎవరైనా తీసేశారా?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో చూడండి, అక్కడ ఉంటే ఎవరూ తీయలేదు. దించుకున్న పటం పాతది. ఓస్‌మ్యాండ్ పటాలు మామూలుగా నెలకోసారి కొత్తవి వస్తాయి. కొత్తది దించుకున్నాక చూడండి.

నేను పెట్టిన వేగం ఎవరో మార్చేశారు. ఏం చేయాలి?

ముందు మీరు మళ్లీ ఆ బోర్డు చూసి రండి, బోర్డే మారి ఉండొచ్చు. మారకపోతే తేదీతో ఫోటో తీసి, మార్చినవాళ్ల మార్పుల కింద మర్యాదగా ఒక వ్యాఖ్య రాయండి: ‘ఫలానా రాయి దగ్గర ఫలానా తేదీన బోర్డు ఇలా ఉంది’ అని. వెంటనే తిరిగి మార్చి మళ్లీ మార్చి గొడవ పడకండి. ఎక్కువమంది దూరం నుంచి అంచనాతో మార్చినవాళ్లే, ఫోటో చూస్తే ఒప్పుకుంటారు.

కంప్యూటర్ లేదు, ఫోను ఒక్కటే ఉంది. నేను చేయగలనా?

చేయగలరు. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ మీరున్న చోట ఏ సమాచారం లేదో చూసి చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు పేరేమిటి, తారు రోడ్డా మట్టి రోడ్డా, వేగ పరిమితి ఎంత. జవాబు నొక్కితే పటంలో చేరుతుంది. సాయంత్రం నడకకు పోయేటప్పుడు మీ వీధితో మొదలుపెట్టండి. కొత్త స్పీడ్ బ్రేకర్లు, కాజ్‌వేలు లాంటివి చేర్చడానికి ఎవ్రీడోర్, వెస్పూచి అనే యాప్‌లు ఉన్నాయి, అలవాటు పడ్డాక అటు పోవచ్చు.